ప్లీడరుగారి ఉత్తరాలకు నేను పొడిచిన చిల్లులు

ఆ చిల్లులు పొడిచింది నేనే. ముందే ఒప్పుకుంటున్నాను. ఆ ఉత్తరాలు నా చెయ్యి దాటాక ఇన్నేళ్లలో ఈ సంగతి నన్ను నేరుగా అడిగిన మనిషి లేడు. అడక్కుండానే ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నారు.

అవి ఒక అమెరికా పెద్దమనిషి ఉత్తరాలు. పందొమ్మిదో శతాబ్దంలో ప్లీడరీ చేశాడు, రాజకీయాల్లో తిరిగాడు, ఒకటి రెండుసార్లు గెలిచాడు, చాలాసార్లు ఓడాడు, పోయాడు. ఆయన రాసుకున్న నకళ్లకీ, ఆయనకు వచ్చిన ఉత్తరాలకీ, ప్రతిదానికీ ఎడమవైపు పై మూలన, అంచుకు వేలెడు లోపలగా, ఒక గుండ్రటి చిల్లు ఉంటుంది. చినుగు లేదు, వంకర లేదు. గోదావరి జిల్లాలో ఒక సర్కారు ఆఫీసు రికార్డు గదిలో ఇరవై ఏళ్లు పనిచేస్తే గానీ అంత శుభ్రంగా దబ్బనం దింపడం రాదు.

నేను ఈ దక్షిణాఫ్రికా వచ్చింది మా ఆవిడ వెంట. ఇక్కడ నల్లా తెల్లా అందరూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓటు వేసిన మరుసటి ఏడు, ఆవిడకు పోర్ట్ షెప్‌స్టోన్ దగ్గర ఒక బడిలో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. నేను జీతం లేని సెలవు పెట్టి వచ్చాను. రెండు నెలలు ఇంట్లో కూర్చుని సముద్రాన్నీ, కిటికీలోంచి వచ్చి రొట్టె ఎత్తుకుపోయే కోతుల్నీ చూశాను. ఆ రోజుల్లోనే బడిలో ఏదో విందు జరిగితే, హెడ్మాస్టరు మా ఆవిడను అడిగాడు, "మీ ఆయన ఏమన్నా చేస్తుంటారా?" అని. నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో పళ్లెం ఉంది, పళ్లెంలో రెండు సమోసాలున్నాయి. నన్నే అడగొచ్చు కదా. ఆ సమోసాలు తినలేదు, తినకుండానే తెచ్చి పళ్లెం బల్ల మీద పెట్టేశాను. ఆయన గమనించలేదు. అదొకటి.

ఆ కోపంలోనే పేపర్లో ఒక ప్రకటన చూసి వెళ్లాను. ఆ చుట్టుపక్కల ఒక చరిత్ర సంఘం ఉండేది. మూతపడిన బేకరీని మ్యూజియం చేసుకున్నారు. వాన పడితే గోడల్లోంచి ఇంకా రొట్టె వాసన వచ్చేది. సభ్యులందరూ తెల్లవాళ్లే. రాజ్యం మారేసరికి వాళ్లకి ఒక గోధుమరంగు మనిషి అర్జెంటుగా కావలసి వచ్చాడు. నాకు పాత కాగితాల పని తెలుసునని చెప్పాను. అది వాళ్లకు అంత ముఖ్యమైనట్టు కనిపించలేదు.

సంఘం సెక్రటరమ్మ పొడుగాటి మనిషి. కళ్లజోడు గొలుసుకి కట్టి మెడలో వేసుకునేది. మొదటి రోజు కమిటీ ముందు నన్ను నిలబెట్టి, "మన స్థానిక భారతీయ సమాజం తరఫున వచ్చారు" అని పరిచయం చేసింది. నేను స్థానికుడినా? పోస్టాఫీసుకు దారి కూడా అప్పటికి తెలియదు. నా వెనకాల కప్పులు సర్దుతున్న ఒక పెద్దావిడ మాత్రం స్థానికురాలే. ఆవిడ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడలో వచ్చాడు. ఆవిడను ఎవరికీ పరిచయం చెయ్యలేదు. మీటింగు అయ్యాక ఆవిడే నా దగ్గరికి వచ్చి టీ ఇచ్చి, "నువ్వు తెలుగా? నీ ముక్కు చూసి అనుకున్నది నేను" అంది. ఆవిడ తెలుగులో క్రియలకు చివర్లు ఎప్పుడో రాలిపోయాయి, తిట్లు మాత్రం ఒక్కటీ రాలలేదు. నన్ను తమ్ముడూ అంది. నేను అక్కా అన్నాను. ఆ బేకరీలో నాకు మర్యాద ఇచ్చిన మనిషి ఆవిడొక్కతే.

ఇక కాగితాల సంగతి. ఆ ప్లీడరుగారి మనవరాలు పెళ్లి చేసుకోకుండా మిషన్ బడిలో పాఠాలు చెప్పడానికి ఈ తీరానికి వచ్చింది. వస్తూ వస్తూ తాతగారి కాగితాలు ఒక ట్రంకు పెట్టెలో తెచ్చుకుంది. ఎందుకు తెచ్చిందో నాకు తెలియదు, చదివిన గుర్తులు మాత్రం లేవు. ఆవిడ పోయాక పెట్టె మిషన్ నుంచి సంఘానికి చేరింది. చాలా ఏళ్లు దాని మీద మొక్కల కుండీలు పెట్టారు. ఎన్నికలయ్యాక అమెరికా వాళ్లు ఈ దేశాన్ని చూడ్డానికి వరసగా దిగుతుంటే సెక్రటరమ్మకు పెట్టె గుర్తొచ్చింది. ఉత్తరాలు ప్లీడరుగారి సొంత రాష్ట్రంలోని లైబ్రరీకి కానుకగా పంపాలి, డర్బన్‌లో ఉండే అమెరికా కాన్సల్ చేతికి సభ పెట్టి అప్పగించాలి, ఫొటోలు దిగాలి. దానికి ముందు ఉత్తరాలు వరసలో పెట్టి జాబితా రాయాలి. అది నా పని.

నేను పెట్టె తెరిచేసరికి కాగితాలు ఊరగాయలా ఉన్నాయి. ఏ ఏడుదో, ఎవరిదో తెలియదు. మా రికార్డు గదిలో అయితే అలాంటి కట్ట పంపిన గుమాస్తాకు మెమో వెళ్లేది. పని మొదలుపెట్టాను. తారీకుల వారీగా పేర్చాను. ఒక్కొక్క ఉత్తరానికీ పెన్సిలుతో నంబరు వేశాను. ఎడమ మూలన దబ్బనంతో పొడిచి, ట్యాగు దారం దూర్చి, వెనక ముడి వేశాను. ఏడాదికో కట్ట. కట్టకి ఎర్రగుడ్డ చుట్టి, పైన చీటీ. ఎర్రగుడ్డ అక్క తెచ్చింది, పాత కర్టెను చింపి.

మా ఆవిడ ఒకటే మాట అంది, "అంత పాత కాగితాలు, పొడవొచ్చా అండీ?"

"రికార్డు అన్నాక ట్యాగు ఉండాలి. ట్యాగు లేని కాగితం కాళ్లొచ్చి నడుస్తుంది," అన్నాను.

"అక్కడ సరే. ఇక్కడ ఎలా చేస్తారో ఎవరినన్నా అడిగారా?"

అడగలేదు. ఎవరిని అడగాలి? కుండీలు పెట్టినవాళ్లనా? సెక్రటరమ్మ ప్రతి శుక్రవారం వచ్చి కట్టలు చూసేది. చేత్తో పట్టుకుని చూసేది. "నీట్‌గా ఉన్నాయి" అంది. మూడు వేర్వేరు శుక్రవారాల్లో మూడుసార్లు అంది. ఈ మాట ముందుముందు అవసరం పడుతుంది, గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకున్నాను.

ఆయన చేతిరాత చదవడం కష్టం. ఒక అక్షరం తోక ఇంకో అక్షరం మెడకు చుట్టి, వాక్యమంతా ఎక్కడా కలం ఎత్తకుండా పోయేవాడు. నేను పాత కరణాల గొలుసుకట్టు రాతలు చదివినవాడిని. వారంలో పట్టుబడింది. ఒక మహానాయకుడి కాగితాలు చదవబోతున్నానని నేనూ ముచ్చటపడ్డాను. తీరా చూస్తే సగం ఉత్తరాల్లో పళ్లనొప్పి. పక్కింటివాడి పంది కంచె దాటిన కేసు పదకొండు ఉత్తరాల పొడుగునా నడిచింది. ఒక ఎన్నికలో ఓడిపోయాక తనకు ఓటు వెయ్యనివాళ్ల జాబితా రాసుకున్నాడు. ఒక్కో పేరు పక్కన కారణం కూడా ఉంది. బావమరిది పేరు కింద రెండు గీతలున్నాయి. అది చదివిన రోజున ఆయన మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

అన్నిటిలోకీ నాకు నచ్చింది నాలుగో కట్టలో ముప్పై ఏడో నంబరు. మూడు పేజీలు. రాత చూడ్డానికి ముగ్గులా ఉంటుంది. ఏదో సభలో వేదిక మీద తనకు కుర్చీ వెయ్యలేదని స్నేహితుడికి ఫిర్యాదు. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో, ఎవరు తనను చూసి చూడనట్టు తల తిప్పుకున్నారో, తను ఎంతసేపు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడో అంతా రాశాడు. ఆ మూడు పేజీలు నేను పని లేనప్పుడు కూడా తీసి చదువుకునేవాడిని. ఆ కట్టకి గుడ్డ చుట్టేశాక మాత్రం మిగతా కట్టల పనిలో పడి మళ్లీ విప్పలేదు.

సభకు పది రోజులుందనగా చివరి తనిఖీకి కూర్చున్నాను. నాలుగో కట్ట విప్పాను. ముప్పై ఆరు ఉంది. ముప్పై ఎనిమిది ఉంది. మధ్యలో ముప్పై ఏడు లేదు. ట్యాగుకి మాత్రం మూడు చిన్న కాగితం ముక్కలు, మూడు మూలలు, చిల్లుతో సహా వేలాడుతున్నాయి. నా ముడి విప్పలేదు. విప్పడం రాలేదు గాబోలు. కాగితాన్ని పట్టుకుని లాగేశారు.

నేను దాచి ఉంచే మనిషిని కాను. అప్పటికప్పుడు కమిటీ సభ్యులందరికీ నకళ్లతో నోటు రాసి పెట్టాను. నాలుగో కట్టలో ముప్పై ఏడో నంబరు కనబడడం లేదు, మూలలు నా దగ్గర ఉన్నాయి, విచారించగలరు. మెచ్చుకుంటారనుకున్నాను.

మర్నాడు కమిటీ కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు. సెక్రటరమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక ఉత్తరం పైకెత్తి, వెలుతురుకి పట్టి, చిల్లులోంచి నన్ను చూసింది.

"ఇది ఎవరు చేశారు?"

"నేనే," అన్నాను.

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. మీరు మూడుసార్లు నీట్‌గా ఉందన్నారు."

"నేను గుడ్డ సంగతి అన్నాను." ఆవిడ కమిటీ వైపు తిరిగింది. "ఈయన సూదితో పొడుస్తుంటే ఆ ఉత్తరం చిరిగిపోయి ఉంటుంది. భయపడి పారేసి ఉంటారు. లేదా..." అక్కడ ఆగింది. ఆ ఆగిన చోటే దొంగ అన్న మాట ఉంది. గదిలో అందరికీ వినిపించింది.

"పారేసినవాణ్ణి మీ అందరికీ నోటు ఎందుకు రాస్తాను?" అన్నాను.

సెక్రటరమ్మ కళ్లజోడు తీసి గొలుసుకి వదిలేసింది. సభ అయ్యేదాకా ఈ విషయం బయటికి రాకూడదని, ఆ తర్వాత నేను నా అంతట నేనే మానుకుంటే పోలీసుల దాకా వెళ్లదని తీర్మానించారు. ఇరవై ఏళ్లు రికార్డు గదిలో ఉన్నాను. ఒక్క కాగితం పోలేదు. ఉద్యోగం పోతే పోయింది, ఇంట్లో మా ఆవిడ ఉద్యోగం ఉంది. కానీ నేను ఆ దొంగ అన్న మాట నా మీద పడనిచ్చి వెళ్లిపోతే, నా పేరు పక్కన అది అలాగే ఉండిపోతుంది.

బయటికి వచ్చి వెనక మెట్ల మీద కూర్చున్నాను. అక్క టీ తెచ్చింది, పళ్లెంలో రెండు బూరెలు కూడా.

"మొగం ఏంటి అట్టా పెట్టినావు, కల్లు ముంత పగిలినట్టు?"

చెప్పాను. అక్క బూరె నోటి దాకా తీసుకెళ్లి ఆపింది.

"మూడు కాయితం? పాతది? రాత అంతా పురుగులు పాకినట్టు?"

"నువ్వెక్కడ చూశావక్కా?"

"హావ్! నేనే చుట్టింది కదా!" అని నుదురు కొట్టుకుంది. "ఆ అమెరికావోడు మొన్న వేసంకాలం టీకి వచ్చినాడు చూడు, లావుపాటోడు, నా కేకు నాలుగు ముక్కలు తిన్నోడు. ఆ రోజు ఆ కళ్లజోడు యమ్మ నాకు ఒక ఫ్రేము ఇచ్చింది. బంగారం రంగు అంచు. అక్కా ర్యాప్ ఇట్ నైస్ అన్నది. నేను పువ్వుల కాయితం చుట్టింది, రిబ్బన్ కట్టింది. లోపల మూడు కాయితం, పక్కపక్కన, గాజు కింద. నేను అనుకున్నది ఏదో సర్టిఫికేటు."

"ఆవిడ నిన్ను అక్కా అందా?"

"పని ఉన్నప్పుడు అంటది." బూరె తినేసి చెయ్యి దులుపుకుంది. "దాని మొగం మండ. తను ఇచ్చేసి నీ మీద పెట్టింది. పోయి అడుగు."

"అడిగితే కాదంటుంది. నువ్వు చెబితే నీ పని పోతుంది."

"నా పనా? వాళ్లకి టీ పెట్టను రాదు తమ్ముడూ. నన్ను ఎట్టా తీస్తారు?"

అయినా అక్కను ఇందులోకి లాగలేదు. నాకు తెలిసిన పని నేను చేశాను. ఆ కేకు తిన్న పెద్దమనిషే డర్బన్‌లోని కాన్సల్‌గారు. ఆయనకే అర్జీ రాశాను. పద్నాలుగు పేరాలు, ఒక్కొక్కదానికీ నంబరు. మొదటి పేరాలో నేనెవరో, రెండో పేరాలో ట్యాగు అంటే ఏమిటో, అలా. పదమూడో పేరాలో తమరి దగ్గరున్న ఫ్రేము దయచేసి విప్పి, ప్రతి పేజీ ఎడమవైపు పై మూల చూడగలరు అని. పద్నాలుగో పేరాలో, మూల ఉంటే నేను దొంగను, మూల లేకపోతే ఫ్రేమును సభకు తీసుకురాగలరు అని. రిజిస్టరు పోస్టులో పంపాను. మా ఆవిడ చదివి, "మూడు పేరాలు చాలవా?" అంది. చాలవు.

జవాబు రాలేదు. సభ రోజు శనివారం పొద్దున్న పదకొండు గంటలకు. బేకరీ గోడకు కొత్త జెండా కట్టారు. బడి పిల్లలు పాత జాతీయగీతం, కొత్త జాతీయగీతం రెండూ పాడారు. కమిటీ పాతదానికి నోళ్లు కదిపింది, కొత్తదానికి బూట్లు చూసుకుంది. వేదిక మీద నా కట్టలు పేర్చి ఉన్నాయి. గుడ్డలు విప్పేసి తెల్ల పెట్టెల్లో పెట్టారు, ట్యాగులు మాత్రం తియ్యలేకపోయారు. నాకు కుర్చీ వెయ్యలేదు. కుర్చీలు కమిటీకి, అతిథులకి అని సెక్రటరమ్మే చెప్పింది. పాత పొయ్యి గోడకి ఆనుకుని నిలబడ్డాను. మూడు మూలలూ చొక్కా జేబులో, కవరులో ఉన్నాయి.

కాన్సల్ వచ్చాడు. చంకలో బంగారం రంగు అంచు ఫ్రేము ఉంది.

ఉపన్యాసాలు అయ్యాయి. సెక్రటరమ్మ ఫ్రేము వైపు చూడకుండా మాట్లాడింది. తన వంతు రాగానే కాన్సల్ లేచి, "పద్నాలుగు పేరాల ఉత్తరం రాసిన పెద్దమనిషి ఎవరు?" అన్నాడు.

చెయ్యెత్తాను. రమ్మన్నాడు. ఫ్రేము బోర్లించి, జేబుకత్తితో వెనక అట్ట తీశాడు. మూడు పేజీలకీ ఎడమ మూలలు లేవు, పైన వేసిన అట్ట అంచు వాటిని కప్పేసింది. కవరు తీసి మూడు ముక్కలూ వాటి చోట్ల పెట్టాను. ఎక్కడిదక్కడ అతికినట్టు సరిపోయాయి. మూడో ముక్క మీద నా పెన్సిలు అంకె ఉంది, ముప్పై ఏడు.

కమిటీవాళ్లు మెడలు చాచి చూశారు. అక్క మాత్రం వెనక నుంచి కప్పులు కాస్త గట్టిగా పెట్టింది.

"ఈ మూడు పేజీలు నా ఆఫీసు గోడ మీద నెలల తరబడి ఉన్నాయి," అన్నాడు కాన్సల్. "వచ్చినవాళ్లందరికీ చూపించాను. ఒక్కరికీ చదవడం రాలేదు. ఇందులో ఏముంది?"

"చదవమంటారా?"

"చదవండి."

చదివాను. కుర్చీలు, తల తిప్పుకున్నవాళ్లు, స్తంభం అన్నీ చదివాను. ఆఖరి పేజీ కూడా వదల్లేదు. అక్కడ ప్లీడరుగారు అసలు వాళ్ల మీద పడ్డాడు. సొంత ఊళ్లో ఒక్క వీధిలో కూడా ఓట్లు రానివాళ్లను ఏం చెయ్యాలో పార్టీకి తెలియక కాన్సల్ పదవులిచ్చి పరాయి దేశాలకు తోలేస్తోందట. అక్కడైతే తిని కూర్చుంటారు గానీ ఎవరికీ హాని చెయ్యలేరట.

కాన్సల్ నవ్విన నవ్వుకి వేదిక కదిలింది. కళ్లు తుడుచుకుని, తన కుర్చీ నా వైపు జరిపి, "కూర్చోండి సార్," అన్నాడు.

"పదకొండింటి నుంచి నిలబడ్డాను," అన్నాను. "ఇప్పుడు అవసరం లేదు."

అంతటితో నా మీద పడిన మాట పోయిందని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. తర్వాతి వారం కమిటీ మినిట్సులో ఇలా రాశారు. పొరపాటున స్థలం మారిన ఒక ఉత్తరం దొరికింది. ఎవరు మార్చారో లేదు. ఎవరిని అనుమానించారో లేదు. ఎవరు పట్టుకున్నారో అసలే లేదు. సవరించమని మూడుసార్లు రాశాను. మూడోసారి సెక్రటరమ్మ నన్ను పిలిచి, "దొరికింది కదా, ఇంకేం కావాలి మీకు?" అంది. ఏం కావాలో మూడు నోట్లలోనూ రాసే ఉంది. ఆ నెలాఖరుకి నా అంతట నేనే మానేశాను. తియ్యడానికి వాళ్లకి అవకాశం ఇవ్వలేదు. అక్కా అదే రోజు మానేసింది. ఆ తర్వాత అక్కడి టీ ఎలా ఉందో నేను విన్నాను. మనసుకు హాయిగా ఉంది.

ఉత్తరాలు అమెరికా వెళ్లాయి. మా అమ్మాయి ఈ మధ్య కంప్యూటర్లో ఆ లైబ్రరీవాళ్ల జాబితా తీసి చూపించింది. జాబితా నాదే, వరస నాది, నంబర్లు నావి. పైన మాత్రం, కాగితాలను ఈ క్రమంలో అమర్చినది మనవరాలు అయి ఉండవచ్చు అని రాశారు. ఆ మనవరాలు ఊరగాయ చేసి వదిలిన పెట్టె సంగతి నాకు తెలుసు. అడుగున ఇంకో వాక్యం ఉంది. ప్రతి పత్రానికీ పై మూలన చిల్లు కలదు, గుర్తు తెలియని వ్యక్తి చేత జరిగిన నష్టం.

మంచి చేసింది ఆవిడట, చెడగొట్టింది ఎవరో ఊరూ పేరూ లేనివాడట.

రాశాను. ఆ వ్యక్తి నేనే, పేరు ఇది, చిరునామా ఇది, నష్టం అంటే నష్టమనే వేసుకోండి గానీ పేరు వెయ్యండి అని. ఉత్తరానికి ధన్యవాదాలు, మీరు చెప్పినది ధ్రువీకరించడానికి ఆధారాలు లేవు అని ఒక అమ్మాయి మర్యాదగా జవాబు ఇచ్చింది. ఆధారాలు కావాలంటే నాకు సంతోషమే. ఆ దబ్బనం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఒక తెల్ల కాగితం తీసుకుని, ఎడమవైపు పై మూలన, అంచుకు వేలెడు లోపలగా పొడిచాను. మీ దగ్గరున్న ఏ ఉత్తరం మీదైనా దీన్ని పెట్టి వెలుతురుకి పట్టి చూడండి అని రాసి పంపాను. ట్యాగు కూడా పెట్టాను, ముడి ఎలా వేస్తారో తెలియాలి కదా.

నాలుగు నెలలైంది. జవాబు లేదు. వచ్చిన రోజున దాన్నీ పొడిచి, ఆ లైబ్రరీతో నడిచిన మిగతా ఉత్తరాలతో కలిపి కట్టేస్తాను.